ఎక్స్‌పంజ్‌మెంట్ త్వరగా అవ్వాలంటే: బాబాయి ఉత్తరం

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. మూడేళ్ళ కిందట డిస్మిస్ అయిన షాప్‌లిఫ్టింగ్ కేసు ఇప్పుడు కొత్త ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తేలిందన్నావు. కొట్టేశాక కూడా ఎందుకుందని అడిగావు. కొట్టేసింది కేసునే నాన్నా. నిన్ను అరెస్టు చేసినట్టు, ఛార్జి పెట్టినట్టు ఉన్న రికార్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. చాలాచోట్ల దాన్ని తీసెయ్యమని కోర్టుని విడిగా అడుక్కోవాలి. దాన్నే ఎక్స్‌పంజ్‌మెంట్ అంటారు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల చెరిపేస్తారు, కొన్నిచోట్ల బయటివాళ్ళకి కనపడకుండా సీల్ చేస్తారు.

తొందరగా అవ్వాలంటే ఎవర్ని పట్టుకోవాలన్నావు. ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. జడ్జి బల్ల మీద కాగితం ఎన్నాళ్ళుంటుందో మన చేతిలో లేదు. అది వెనక్కి రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోదే.

నా సంగతి చెప్తాను, మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలీదు. వచ్చిన కొత్తలో లైసెన్సు సస్పెండ్ అయిందని తెలీక కారు నడిపి మిస్డిమీనర్ కేసులో, అంటే చిన్న నేరం కేసులో, ఇరుక్కున్నాను. అది డిస్మిస్ అయ్యాక పిటిషన్ వేస్తే, ఏడు వారాలకి కవరు తిరిగొచ్చింది. పైన పసుపు చీటీ: పేరు రికార్డుతో కలవట్లేదట. ఆ రాత్రి పోలీసాయన నా ఇంటిపేరుని మొదటి పేరుగా రాసి, గళ్ళు చాలక చివరి రెండక్షరాలు వదిలేశాడు. నేనేమో పాస్‌పోర్టులో ఉన్నట్టు రాశాను. సరిదిద్ది పంపితే మళ్ళీ వెనక్కి. ఈసారి కోర్టు ఫీజులో పన్నెండు డాలర్లు బాకీ ఉందట! నాలుగు నెలలు అలా పోయాయి.

అందుకని ముందు కేసు నడిచిన కౌంటీ కోర్టు క్లర్కు ఆఫీసుకి వెళ్ళి డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, సర్టిఫైడ్ కాపీ తీసుకో. డాకెట్ నెంబరు (కోర్టులో కేసు నెంబరు), అరెస్టు తేదీ, పేరు అక్షరం అక్షరం చూసుకో. రికార్డులో పేరు తప్పుంటే ఆ తప్పు పేరూ రాసి, పక్కన అసలు పేరూ రాయి. బాకీ ఏమైనా ఉందా అని ఆ కిటికీ దగ్గరే అడిగెయ్.

ఎఫ్‌బీఐ దగ్గర నీ పేరు మీద ఏముందో కూడా తెప్పించుకో. 18 డాలర్లు, వేలిముద్రలు, అంతే. కొన్ని పోస్టాఫీసుల్లోనే వేలిముద్రలు తీసి పంపుతారు. అందులో అరెస్టు ఎక్కి, డిస్మిస్ అయిన సంగతి ఎక్కకపోవడం మామూలే. పిటిషన్‌లో పోలీసు, జైలు, ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు), ఇలా రికార్డు ఉండే ఆఫీసులన్నీ రాయి. టెక్సస్ లాంటి చోట ఒకటి మర్చిపోతే అక్కడి కాగితం అక్కడే ఉండిపోతుంది. వీలైతే ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ముందే కాపీ పంపి, అభ్యంతరం లేదని రాయించుకో. కొన్ని కౌంటీల్లో హియరింగ్ (జడ్జి ముందు విచారణ) లేకుండానే అయిపోతుంది.

పెన్సిల్వేనియా 2018లో కొన్ని రికార్డులు వాటంతటవే సీల్ అయ్యే చట్టం తెచ్చింది. తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. నీ రాష్ట్రంలో ఉందేమో చూడు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకు.

ఇప్పుడు అసలు మాట. నువ్వింకా వీసా మీద ఉన్నావు. పిటిషన్ వెయ్యకముందే ఇమిగ్రేషన్ అటార్నీని కలువు. రాష్ట్రం కోర్టు చెరిపేసినా ఇమిగ్రేషన్ వాళ్ళకి చాలాసార్లు అది చెరిగినట్టు కాదు. డిస్మిస్ అవ్వకముందు నువ్వు నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టావా లేదా అన్నది చాలా ముఖ్యం. పెట్టి ఉంటే, తర్వాత కొట్టేసినా వాళ్ళు శిక్ష పడినట్టే లెక్కేసుకోవచ్చు. ఆ కాగితం వెతుకు. రేపు సిటిజన్‌షిప్ ఫారంలో సీల్ అయిన కేసులూ చెప్పమని అడుగుతారు, కాగితాలూ అడుగుతారు. ఒకసారి చెరిపేశాక క్లర్కు దగ్గరికి వెళ్తే "అలాంటి కేసే లేదు" అంటాడు. అప్పుడు ఎక్కణ్ణించి తెస్తావు? అందుకే ఆర్డరు రాకముందే సర్టిఫైడ్ కాపీలు మూడు నాలుగు తీసి ఇంట్లో దాచు. తొందరలో చాలామంది ఇదే మర్చిపోతారు.

వారంలో చేయిస్తామనే వెబ్‌సైట్లకి డబ్బు కట్టకు. లీగల్ ఎయిడ్ (న్యాయ సహాయం) వాళ్ళు ఎక్స్‌పంజ్‌మెంట్ క్లినిక్‌లు, అంటే సాయం చేసే శిబిరాలు, పెడతారు, ఉచితం. ఫీజు మాఫీకి కూడా అడగొచ్చు.

ఆర్డరు వచ్చినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీల దగ్గర పాత డేటా ఉంటుంది. ఆర్డరు కాపీ పెట్టి డిస్ప్యూట్ చెయ్యి, అంటే ఇది తప్పు, సరిచెయ్యండి అని రాయి, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. నీ ఇప్పటి ఉద్యోగానికి అంతకన్నా దగ్గర దారి ఉంది. ఆ రిపోర్టు చూసి నిన్ను వద్దనుకునే ముందు కంపెనీ నీకు దాని కాపీ ఇవ్వాలి. డిస్మిస్ అయిందని అందులో ఉందో లేదో చూడు. లేకపోతే ఈ రోజే డిస్ప్యూట్ పెట్టి, హెచ్ఆర్‌కి డిస్పోజిషన్ కాపీ పంపు.

అమ్మకి ఇప్పుడే చెప్పకు, టెన్షన్ పడుతుంది. క్లర్కు దగ్గర కాపీలు చేతికొచ్చాక ఫోటో తీసి నాకు పంపు, పేరు నేనూ ఒకసారి చూస్తాను.

బాబాయి