అమ్ముడైన చీర లింకు ఇంకా తెరుచుకుంటోంది

ప్రశ్న: పొందూరు ఖద్దరు చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. సైటు పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో చేయించాం. ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది కాబట్టి అమ్ముడవగానే అడ్మిన్‌లో డిలీట్ చేసేస్తాం. కానీ పాత లింకు నొక్కితే పైన మెనూ, కింద ఫోన్ నంబరు వచ్చి మధ్యలో ఖాళీగా ఉంటోంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ ‘సాఫ్ట్ 404’ అంటోంది. లేని పేజీలన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే చాలని సైటు చేసినతను అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: వద్దండి. పేజీ లేదని సర్వరు చెప్పే కోడ్ 404. పేజీ లేకపోయినా ఉన్నట్టు కోడ్ వస్తే గూగుల్ దాన్ని ‘సాఫ్ట్ 404’ అంటుంది. హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని కూడా సాఫ్ట్ 404 కిందే కట్టే అవకాశం ఎక్కువ. చీర కోసం వచ్చిన వాళ్లకు అది అమ్ముడైందో, లింకే తప్పో తెలియదు.

డేటాబేస్‌లో ఆ చీర వరుస దొరక్కపోయినా మీ ప్రోగ్రాం ఆగకుండా పేజీ మొత్తం పంపేస్తోంది. ఫైలు మామూలుగా ముగిస్తే సర్వరు 200 అనే కోడ్ ఇస్తుంది, అంటే పేజీ సవ్యంగా ఉందని. తెరమీద ‘ఈ చీర లేదు’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ కోడ్ మారదు.

చీరను చూపించే ఫైల్లో అన్నిటికంటే ముందు, లింకులో వచ్చిన నంబరు అంకెలేనా అని చూడాలి. తర్వాత డేటాబేస్‌ను అడిగే క్వెరీ నడపాలి. వరుస రాకపోతే ‘హెచ్‌టీటీపీ రెస్పాన్స్ కోడ్’ ఫంక్షన్‌కు 404 ఇచ్చి, ‘దొరకలేదు’ పేజీని ఇన్‌క్లూడ్ చేసి, వెంటనే ప్రోగ్రాంను ఆపే ‘ఎగ్జిట్’ పెట్టాలి. ఎగ్జిట్ మరిచిపోతే దాని కింద ఖాళీ చీర పేజీ కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ ‘దొరకలేదు’ పేజీలో ఇప్పుడున్న చీరలు నాలుగు చూపించండి, అది మీ వ్యాపారానికీ మంచిదే.

చాలా సైట్లలో తప్పు జరిగేది వరుసక్రమంలో. మెనూ ఫైలును మొదటి లైన్లోనే ఇన్‌క్లూడ్ చేసి, క్వెరీని ఎక్కడో కింద రాస్తారు. మెనూ బయటికి వెళ్లిందంటే 200 కూడా దాంతోపాటే వెళ్లిపోయినట్టు. ఆ తర్వాత కోడ్ మార్చబోతే, అది ముందే వెళ్లిపోయిందని ‘హెడర్స్ ఆల్రెడీ సెంట్’ అన్న హెచ్చరిక వస్తుంది. ఫైలు మొదట్లో ఒక ఖాళీ లైను ఉన్నా, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు కంటికి కనబడని బీఓఎం గుర్తు చేరినా ఇదే గతి. మీ కంప్యూటర్లో బాగానే నడిచి సర్వర్లో నడవకపోతే, పేజీని కొంత పోగుచేశాకే పంపే ‘అవుట్‌పుట్ బఫరింగ్’ సెట్టింగు రెండుచోట్లా ఒకటేనేమో చూడండి. ఆ బఫర్ 4096 బైట్లుంటే చిన్న మెనూ అందులో ఇమిడిపోయి తప్పు బయటపడదు.

వరుస దొరక్కపోవడం వేరు, డేటాబేస్ కనెక్షనే తెగిపోవడం వేరు. రెండిటికీ 404 ఇచ్చారంటే, డేటాబేస్ పడిపోయిన కాసేపట్లో గూగుల్ వచ్చి చూసినా మీ మంచి పేజీలు కూడా లేవనుకుంటుంది. కనెక్షన్ తెగితే, తాత్కాలికంగా సేవ అందడం లేదని చెప్పే 503 ఇవ్వండి.

అపాచీ సర్వర్లో, తప్పు వచ్చినప్పుడు ఏ పేజీ చూపాలో చెప్పే ‘ఎర్రర్ డాక్యుమెంట్’ సెట్టింగు పెడుతుంటే స్లాష్‌తో మొదలయ్యే దారి మాత్రమే రాయండి. హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి పూర్తి చిరునామా రాస్తే అపాచీ 404 ఇవ్వకుండా రీడైరెక్ట్ చేస్తుంది.

సరిచూసుకోవడానికి క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, ‘నెట్‌వర్క్’ ట్యాబ్ తెరిచి, పాత లింకును మళ్లీ లోడ్ చేయండి. మొదటి వరుసలోనే 404 కనబడాలి. మళ్లింపు కోడ్ 302 వచ్చి దాని కింద 200 ఉంటే ఇంకా ఎక్కడో మళ్లింపు మిగిలే ఉంది. పేజీల పాత కాపీలను దాచి చూపే క్యాష్ ప్లగిన్ ఉంటే ముందు అది ఖాళీ చేయండి.

ప్రశ్న: మా జీడిపప్పు సైటులో తీసేసిన రకాల లింకులను, గూగుల్ ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్లో ఆపాను. అయినా గూగుల్లో కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆపడం వల్లే. గూగుల్‌ను లోపలికి రానివ్వకపోతే అక్కడ 404 ఉందని దానికెలా తెలుస్తుంది? ఆ లైన్లు తీసేయండి, సైటు లింకుల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లోంచి కూడా వాటిని తొలగించండి. తొందరైతే సెర్చ్ కన్సోల్‌లో ‘రిమూవల్స్’ వాడండి, కానీ దాని ప్రభావం సుమారు ఆరు నెలలే. సరుకు తాత్కాలికంగా అయిపోయి మళ్లీ వచ్చేదైతే మాత్రం 404 ఇవ్వకండి. పేజీ ఉంచి ‘ప్రస్తుతం లేదు’ అని రాయండి.

ప్రశ్న: బొబ్బిలి వీణల సైటు నడుపుతున్నాం. అమ్ముడైన వీణకు 404 ఇవ్వాలా, 410 ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: 410 అంటే ఉండేది, తీసేశాం, మళ్లీ రాదని. గూగుల్ దృష్టిలో రెండిటికీ పెద్ద తేడా లేదు, ఏదిచ్చినా పేజీ జాబితాలోంచి పోతుంది. అంతకంటే మీరు చూసుకోవాల్సింది వీణ నంబరు. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు వర్షన్లలో ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే టేబుల్ రకం) టేబుల్ తర్వాత ఇవ్వాల్సిన నంబరును మెమరీలోనే పెట్టుకునేది. సర్వరు రీస్టార్ట్ అయితే ఉన్నవాటిలో పెద్ద నంబరుకు ఒకటి కలిపి మొదలుపెడుతుంది. చివరగా ఎక్కించిన వీణను డిలీట్ చేశాక రీస్టార్ట్ జరిగితే కొత్త వీణకు అదే నంబరు వస్తుంది. పాత లింకు దాచుకున్న కొనుగోలుదారుకు వేరే వీణ, వేరే ధర కనిపిస్తాయి. అందుకని వరుసను చెరపకుండా ‘తొలగించిన తేదీ’ అనే కాలమ్ చేర్చి, అందులో తేదీ వేయండి. తేదీ ఉన్న వరుసకు 410, అసలు వరుసే లేకపోతే 404. వెతుకులాట, జాబితా పేజీల క్వెరీల్లోనూ ఆ తేదీ ఉన్నవి రాకుండా షరతు పెట్టాలి.