న్యూస్ ఫొటోగ్రఫీకి మా అమ్మాయి మనసు తట్టుకుంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. న్యూస్ ఫొటోగ్రాఫర్ అవుతానని పట్టుదలగా ఉంది. ఈ మధ్య హైవే మీద యాక్సిడెంట్ జరిగితే, చేతిలో కెమెరా ఉండి కూడా ఒక్క ఫొటో తీయలేదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా గాయపడినవాళ్ల పక్కనే కూర్చుంది. అప్పటినుంచి ‘నేను దీనికి పనికిరానేమో’ అని దిగులుపడుతోంది. వాళ్ల నాన్నగారేమో ‘పక్కవాళ్ల ఏడుపు అమ్ముకునే ఉద్యోగం మనకెందుకు’ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి దిగులు తీరుద్దాం. ఆ రోజు తను చేసింది సరైన పని. పక్కన సాయం చేసేవాళ్లు ఇంకెవరూ లేకపోతే కెమెరా పక్కన పెట్టాల్సిందే. అంబులెన్స్ సిబ్బందో పోలీసులో వచ్చి పని మొదలుపెట్టాక, వాళ్లకు అడ్డు రాకుండా ఫొటో తీసుకోవచ్చు. ఈ రంగంలో నిజాయతీగా పనిచేసేవాళ్లు చాలామంది పాటించే పద్ధతి ఇదే.

మీవారి మాటను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను. ఈ వృత్తిని మొదటినుంచీ వెంటాడుతున్న ప్రశ్న అది. 1993 మార్చిలో దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ సూడాన్‌లోని అయోద్ గ్రామంలో ఒక ఫొటో తీశాడు. ఆకలితో నేల మీదికి ఒరిగిపోయిన పసిబిడ్డ, వెనకాలే కాచుకుని కూర్చున్న రాబందు. న్యూయార్క్ టైమ్స్‌లో అది అచ్చయ్యాక ఆ బిడ్డ ఏమైందంటూ పాఠకులు పత్రికను నిలదీశారు. రాబందును తోలేశారని, బిడ్డ మళ్లీ నడవగలిగిందని, ఆహార కేంద్రానికి చేరిందో లేదో తెలియదని పత్రిక వివరణ వేసింది. మరుసటి ఏడాది ఆ ఫొటోకు అమెరికాలో పాత్రికేయులకిచ్చే పేరున్న పులిట్జర్ పురస్కారం వచ్చింది. కొన్ని నెలలకే, 33 ఏళ్లకు, కార్టర్ ప్రాణాలు తీసుకున్నాడు. ‘ఆ పాపమే తగిలింది’ అని ఇప్పటికీ కథలు చెబుతుంటారు. అది అన్యాయం. ఏళ్ల తరబడి కళ్లారా చూసిన హింస, అప్పుల బాధ, అదే ఏడాది కాల్పుల్లో చనిపోయిన స్నేహితుడి దుఃఖం, అన్నీ కలిసి ఆయన్ని కుంగదీశాయి. ఒక మనిషి చావుకు ఒక్క ఫొటోను కారణంగా చూపించడం నాకు సమ్మతం కాదు.

ఈ ఫొటో చూపించి ‘తీయాలా, కాపాడాలా’ అనే చర్చ దగ్గరే అందరూ ఆగిపోతారు. రెండూ చేశాక కూడా తేలని లెక్కలు ఉంటాయి. 2002లో అహ్మదాబాద్ అల్లర్లప్పుడు రాయిటర్స్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా, మేడ మీద చిక్కుకుపోయి చేతులు జోడించి ప్రాధేయపడుతున్న ఒక దర్జీని ఫొటో తీశారు. తీసి ఊరుకోలేదు. ఆయనా, తోటి పాత్రికేయులూ భద్రతా బలగాలను అడిగి వాహనం వెనక్కి తిప్పించారు. ఆ మనిషి బతికాడు. ఇక్కడిదాకా మీవారి ప్రశ్నకు ఇంతకన్నా మంచి సమాధానం దొరకదు. కానీ ఆ కన్నీటి ముఖం దేశమంతా తిరిగింది. రాజకీయ పార్టీలు ఆయన్ని అడగకుండానే ప్రచారానికి వాడుకున్నాయి. ఆ ముఖాన్ని గుర్తుపట్టడం వల్ల పని దొరకడం కూడా కష్టమైందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఫొటో తీయకపోతే ఆ రోజుల భయం లోకానికి అంత సూటిగా తెలిసేది కాదు. తీసినందుకు ఆయన ఏళ్ల తరబడి మూల్యం చెల్లించారు. ఇందులో ఎవరిది తప్పని తేల్చగలం? నేనైతే తేల్చలేను. మీ అమ్మాయి ఈ రంగంలోకి వస్తే ఇలాంటివి మోయాల్సి వస్తుందని ముందే చెప్పండి.

అయితే ఇవన్నీ ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేవి. జిల్లా ఎడిషన్‌లో రోజూ వచ్చే చిక్కులు వేరు. ప్రభుత్వాసుపత్రి మార్చురీ ముందు బంధువులు ఎవరి ఏడుపులో వాళ్లుంటారు. ఇంతలో పత్రికాఫీసు డెస్క్ నుంచి ఫోన్: ‘ఏడుస్తున్న ఫొటో ఉందా? తల్లిది క్లోజప్ కావాలి’. అప్పుడు కాస్త దూరంగా నిలబడి, ముఖాలు కనపడకుండా, ఒకరి భుజం మీద ఇంకొకరు వాలిన దృశ్యం తీసి పంపినా వార్తకు లోటు రాదు. దగ్గరికి వెళ్లాలనుకుంటే ముందు కెమెరా దించి, పక్కనున్న పెద్దాయనతో ‘ఫలానా పత్రిక నుంచి వచ్చానండీ, ఒక ఫొటో తీసుకోవచ్చా’ అని అడగాలి. వద్దంటే వెనక్కి రావాలి. పోటీ పత్రికలో మర్నాడు క్లోజప్ వస్తుంది, డెస్క్‌లో మాట పడాల్సి వస్తుంది. ఆ టెన్షన్ నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

వరద సాయం పంచేటప్పుడు ‘సార్, ఇంకోసారి ఇవ్వండి’ అని ఫొటో కోసం మళ్లీ ఇప్పించడం మన దగ్గర మామూలైపోయింది. కెమెరా వైపు చూస్తూ నిలబడ్డ మనిషి పోర్ట్రెయిట్ తీస్తే పాఠకుడికి అది పోజు అని తెలుస్తుంది, ఇబ్బంది లేదు. బాధితురాలిని మళ్లీ నీళ్లలో నడిపించి, అప్పుడే జరిగినట్టు అచ్చు వేస్తే అది అబద్ధం. ఎడిటింగ్‌లోనూ అంతే. వెలుగు కాస్త పెంచితే ఎవరూ ఏమనరు. ఉన్నదాన్ని చెరిపేస్తే మాత్రం ఉద్యోగమే పోతుంది. సిరియా యుద్ధం ఫొటోలు తీసిన నార్సిసో కాంట్రెరాస్ ఒక ఫొటోలో మూలన కనిపించిన తోటి జర్నలిస్టు వీడియో కెమెరాను చెరిపేశాడు. పులిట్జర్ పొందిన బృందంలో సభ్యుడైనా, 2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది.

చట్టం తెలియకపోవడం ఇంకా ప్రమాదం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం బాధిత చిన్నారి పేరు, ఫొటోయే కాదు, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు వివరాలూ బయటపెట్టకూడదు. ముఖం బ్లర్ చేసి, వెనకాల ఇంటి గుమ్మం, పక్కన తల్లి కనిపించేలా వేస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోయినట్టే. జైలుశిక్ష కూడా పడవచ్చు. పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2019లో షాద్‌నగర్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు పోలీసులు ‘దిశ’ అని పేరు మార్చేలోపే అసలు పేరు, ఫొటో ఫోన్లన్నిటికీ చేరిపోయాయి. బాధితుల వివరాల విషయంలో పెద్ద కెమెరా పట్టుకున్నవాళ్లకు బాధ్యత ఎంతో, సెల్‌ఫోన్ పట్టుకున్న మనకూ అంతే. ఆత్మహత్యల వార్తల్లో ఫొటోలు, వీడియోలు వాడొద్దని ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

ఇక చదువు సంగతి. హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ అనే డిగ్రీ కోర్సు ఉంది. కానీ డిగ్రీ అయిపోతోంది కాబట్టి మీ అమ్మాయికి జర్నలిజం పీజీ మేలు. చెన్నై ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం, ఢిల్లీ జామియా మిలియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం చూడమనండి. రోహింగ్యాల ఫొటోలకు పులిట్జర్ పొందిన రాయిటర్స్ బృందంలోని డానిష్ సిద్దిఖీ జామియాలోనే చదివారు. 2021లో అఫ్గానిస్థాన్‌లో యుద్ధ వార్తలు కవర్ చేస్తూ చనిపోయారు. ఇది కూడా మీరు తెలుసుకుని నిర్ణయం తీసుకోవాలనే చెబుతున్నాను.

మొదట్లో ఆదాయం తక్కువే ఉంటుంది. పెళ్లిళ్లు, ఈవెంట్ల ఫొటోలు తీస్తూ నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది. అందులో చిన్నతనమేమీ లేదు. ఏ నాయకుడి వార్త కవర్ చేస్తుందో ఆయన దగ్గరే డబ్బులకు ఫొటోలు తీయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

అడ్మిషన్‌కు ముందు ఏదైనా జిల్లా ఎడిషన్‌లో ఇంటర్న్‌షిప్‌కు పంపండి. ఆసుపత్రి, కోర్టు, ధర్నా, వరద, అన్నీ చూడనివ్వండి. సాయంత్రం ఇంటికి రాగానే ‘ఇవాళ ఏ ఫొటో తీయకుండా వదిలేశావు, ఎందుకు?’ అని వాళ్ల నాన్నగారినే అడగమనండి. నిద్ర పట్టకపోవడం, చూసిందే మళ్లీ మళ్లీ కళ్ల ముందు మెదలడం లాంటివి వారాల తరబడి ఉంటే ఆలస్యం చేయకుండా కౌన్సెలర్‌కు చూపించండి. అదేమీ లేకుండా, తెల్లారేసరికి కెమెరా బ్యాటరీ చార్జింగ్ పెట్టుకుని బయల్దేరుతోందంటే పీజీకి దరఖాస్తు చేయించండి.