డెబ్బై దాటిన నాన్నకి ఏ కారు కొనాలి? ముందు ఆయన్ని సీట్లో కూచోబెట్టి చూడండి

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి 74, మోకాళ్ళ నొప్పులు, మెడ పూర్తిగా తిరగదు, అయినా బండి నేనే నడుపుతానంటారు, పాత గేర్ల కారు తీసేసి ఏది కొనాలి, ఎయిర్‌బ్యాగులు ఎక్కువున్నది చూసి కొంటే సరిపోతుందా అని అడిగారు. నేనూ డెబ్బై దాటినవాణ్ణే, మోకాళ్ళూ మెడా మీ నాన్నగారి బాపతే, మేం కూడా ఈమధ్యే క్లచ్ కారు ఇచ్చేసి ఆటోమేటిక్ తీసుకున్నాం కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా. మోడల్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే నాకు హాయిగా ఉన్న సీటు మా ఆవిడకే పనికిరాలేదు, ఇంక మీ నాన్నగారికి కుదురుతుందని నేనెలా చెప్తాను.

అన్నిటికన్నా ముందు, మీరు చూసొచ్చి ఫోన్లో ఫోటోలు చూపించి బుక్ చేసెయ్యకండి, ఆయన్ని తీసుకెళ్ళండి. తీసుకెళ్ళాక ఇంజిన్ గురించీ మైలేజీ గురించీ తర్వాత మాట్లాడొచ్చు, ముందు ఎక్కి దిగమనండి. డోరు పక్కన నిలబడితే సీటు అంచు ఆయన తొడ మధ్య నుంచి పిరుదుల కింది భాగం లోపు ఉండాలి, అప్పుడు పిరుదులు ఆనించి కాళ్ళు లోపలికి తిప్పుకుంటే పనైపోతుంది. బాగా కిందకున్న కారైతే ఎక్కడం బావిలోకి దిగినట్టుంటుంది, లేవడం ఇంకా కష్టం, మరీ ఎత్తు బండైతే ఒంటి కాలి మీద బరువేసి పైకెక్కాలి, రెండూ మోకాళ్ళకి శత్రువులే. సీటు పక్కలు పైకి లేచి గుంటలా ఉండే స్పోర్ట్స్ సీట్లు కుర్రాళ్ళకి బావుంటాయి కానీ మన తొడలకి అవి ప్రతిసారీ అడ్డమే. డోరు కింద గడప వెడల్పెంతో, కాలు ఎంత ఎత్తి లోపల పెట్టాలో కూడా చూడండి. ఇంకోటి, షోరూంలో చుట్టూ ఖాళీ ఉంటుంది, డోరు బార్లా తెరుస్తారు, పార్కింగులో అలా ఎక్కడ కుదురుతుంది, అందుకని డోరు సగమే తెరిచి దిగమనండి. అదీ ఓ ఇరవై నిమిషాలు కూచున్నాక. మోకాళ్ళు బిగుసుకునేది అప్పుడే, కూచున్న వెంటనే దిగితే ఎవరైనా బానే దిగుతారు. దిగేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తున్నారో గమనించండి, పట్టుకోడానికి గట్టి ఆధారం లేక డోరు మీద బరువంతా వేస్తుంటే, ఆ డోరు కదిలిందంటే మనిషి పడతాడు.

ఇప్పుడు ఎయిర్‌బ్యాగుల సంగతి. ఎన్నున్నాయన్నది ఒక లెక్క, ఆయన వాటికి ఎంత దూరంలో కూచుంటారన్నది ఇంకో లెక్క, నన్నడిగితే రెండోదే ముందు చూడాలి. స్టీరింగ్ మధ్య భాగం నుంచి రొమ్ము ఎముకకి కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. బ్యాగు కన్ను మూసి తెరిచేలోగా పేలినట్టు తెరుచుకుంటుంది, దానికి అతుక్కుని కూచుంటే కాపాడాల్సిందే దెబ్బ తీస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్ళు, వయసుతో నడుం వంగినవాళ్ళు పెడల్స్ అందడం కోసం సీటు ముందుకి లాక్కుంటారు, మా ఆవిడదీ అదే అవస్థ. సీటు ఎత్తు పెంచితే రోడ్డు కనపడింది కానీ పెడల్ దూరమైంది, ముందుకి జరిగితే స్టీరింగ్ ఒళ్ళోకొచ్చింది. పైకీ కిందకీ మాత్రమే కాకుండా ముందుకీ వెనక్కీ కూడా జరిగే స్టీరింగ్ ఉన్న కార్లో ఎక్కితే గానీ ఆ లెక్క కుదరలేదు. ఆ ఒక్క సౌకర్యం లేదని చూడ్డానికి చక్కగా ఉన్న కారు వదిలేసుకున్నాం, సేల్స్ కుర్రాడు పాపం సన్‌రూఫ్ తెరిచి మూసి చూపిస్తూనే ఉన్నాడు.

ఎత్తు చాలక కింద మెత్త వేసుకునే అలవాటుంటే మాన్పించండి. మెత్త జారుతుంది, దాంతోపాటు ఒళ్ళు బెల్టు కిందనుంచి ముందుకి జారిపోతుంది, నడుం బెల్టు తుంటి ఎముకల మీద ఉండాల్సింది పొట్ట మీదకెక్కి లోపల పేగులకి గాయం చేస్తుంది. భుజం బెల్టు మెడని కొయ్యకుండా భుజం మధ్యలోంచి రావాలి, డోరు పక్క స్తంభం మీద దాని ఎత్తు మార్చుకునే వీలుంటే మంచిది. వయసైతే ఎముక పెళుసవుతుంది కదా, పాతికేళ్ళవాడు దులుపుకుని లేచే గుద్దుడుకి మనకి పక్కటెముకలు విరుగుతాయి, కొన్నిసార్లు బెల్టు ఒత్తిడికే విరుగుతాయి. అలాగని బెల్టు మానేస్తే ప్రాణానికే ముప్పు. గుద్దగానే బెల్టుని లాగి బిగించే ప్రీటెన్షనర్, ఒత్తిడి మరీ ఎక్కువైతే కొంచెం వదులు చేసే లోడ్ లిమిటర్, ఈ రెండూ ఉన్నాయా అని అడగండి, వీలైతే వెనక సీట్లకి కూడా. హెడ్‌రెస్ట్ పై అంచు తల పైభాగానికి సమానంగా, తల వెనక్కి దగ్గరగా ఉండాలి. కొన్నాక సరదాపడి మందపాటి సీటు కవర్లు తొడిగించకండి, సైడు ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో సీటు పక్క నుంచే బయటికొస్తాయి.

స్టార్ రేటింగ్ చూడండి, తప్పకుండా చూడండి, కానీ ఏ సంవత్సరం టెస్టో కూడా చూడండి. యూరప్‌లో కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 1997 నుంచి ఈ పరీక్షలు చేస్తోంది, మధ్యమధ్యలో రూల్స్ గట్టి చేస్తూ వచ్చింది, అందుకని పదేళ్ళ కిందటి అయిదు స్టార్లూ నిన్నటి అయిదు స్టార్లూ ఒకటి కాదు. చిన్న కారు అయిదు స్టార్లనీ పెద్ద బండి అయిదు స్టార్లనీ పక్కపక్కన పెట్టి చూడ్డం కూడా తప్పే, ఎదురెదురుగా గుద్దుకుంటే బరువు తేడా బరువు తేడాయే.

ఇంక అసలు విషయం, ఆటోమేటిక్. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి క్లచ్ తొక్కే బాధ తప్పడం పెద్ద వరమే, నేను వద్దనను. కానీ నలభై ఏళ్ళు క్లచ్ తొక్కిన ఎడమ కాలు ఊరికే ఉండదు, కంగారు పుట్టినప్పుడు తనే లేచి కనపడ్డ పెడల్ తొక్కేస్తుంది, అది బ్రేకయితే బండి ఠపీమని ఆగి వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అంతకంటే ప్రమాదం, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. బండి ఆగకుండా ముందుకి దూకేసరికి మనిషి ఇంకా గట్టిగా తొక్కుతాడు, కాలు తప్పు చోట ఉందన్న ఊహే రాదు. వృద్ధ డ్రైవర్లు ఎక్కువగా ఉన్న జపాన్‌లో ఇలాంటి ప్రమాదాలు ఎన్ని జరిగాయంటే, ఆగి ఉన్న బండి ముందు గోడో ఇంకో కారో ఉండగా యాక్సిలరేటర్ బలంగా తొక్కితే ఇంజిన్‌ని అణిచిపెట్టే ఏర్పాటుని 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో తప్పనిసరి చేస్తున్నారు. ఇలాంటిది ఇప్పటికే కొన్ని కార్లలో ఉంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది, పేరు కాదు పని అడగండి, ముందు గోడుండగా పొరపాటున గట్టిగా తొక్కితే ఏమవుతుంది అని. వెనక్కి వచ్చేటప్పుడు కూడా పనిచేస్తుందా అని కూడా అడగండి.

అది ఉన్నా లేకపోయినా ఖాళీ మైదానంలో నేర్చుకోవాల్సిందే. ఎడమ పాదం పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టి మర్చిపోవాలి, కుడి మడమ బ్రేకుకి ఎదురుగా నేల మీద ఆనించి యాక్సిలరేటర్‌కి పాదం ముందు భాగం మాత్రం తిప్పాలి. రివర్స్‌లో ఒళ్ళంతా వెనక్కి తిప్పి చూసినప్పుడు తుంటితోపాటు పాదం కూడా జరుగుతుంది, తిరిగి తొక్కేసరికి అది ఎక్కడుందో మనకి తెలీదు. మా అమ్మాయి పక్కన కూచుని “నాన్నా, కాలు ఎక్కడుందో చూడకుండా చెప్పు” అంటూ మాటిమాటికీ అడిగేది, చిరాకేసేది కానీ పనిచేసింది. వదులు చెప్పులు, మందం అడుగున్న బూట్లు వద్దు.

మెడ తిరగనివాళ్ళకి డబ్బు పెట్టి తీసుకోదగ్గది బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, పక్క లేన్లో బండి వస్తుంటే సైడు మిర్రర్‌లో చిన్న లైటు వెలుగుతుంది. పార్కింగులోంచి వెనక్కి వస్తుంటే పక్కనుంచి వచ్చే బండి గురించి కూతపెట్టేదీ అంతే ఉపయోగం. వెనక కెమెరా అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి, మంచిదే, కానీ లెన్స్ మీద బురద పడితే కనపడేది ఏమీ ఉండదు. ముందు అడ్డమొస్తే దానంతటదే బ్రేకు వేసేది ఉంటే తప్పకుండా తీసుకోండి, యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటిలో ఉండాల్సిందే. లేన్ దాటితే స్టీరింగ్ లాగేది మాత్రం ముందే చూపించండి, తెలీకపోతే పెద్దవాళ్ళు స్టీరింగ్‌కి ఏదో అయిందని హడలిపోతారు. ఆ కూతలు విసుగొచ్చి అన్నీ ఆపేసేవాళ్ళూ ఉన్నారు, అప్పుడు పెట్టిన డబ్బు దండగ.

కళ్ళ గురించి కొంచెం. అరవై ఏళ్ళ కంట్లోకి, ఇరవై ఏళ్ళ కంట్లోకి వెళ్ళే వెలుతురులో మూడో వంతే వెళ్తుందని చెప్తారు, కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది, శుక్లాలు మొదలైతే ఎదుటి లైట్లు చెదిరి మెరుస్తాయి. అందుకని టెస్ట్ డ్రైవ్ ఒకటి పగలు, ఇంకోటి చీకటి పడ్డాక చెయ్యండి, ఆయన రోజూ పెట్టుకునే కళ్ళద్దాలతోనే. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉండే ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలైతే స్పీడు అంకెలు చూడ్డానికి గడ్డం ఎత్తాల్సి వస్తోందా చూడండి. ఏసీ తగ్గించాలంటే స్క్రీన్‌లో మూడు చోట్ల నొక్కాల్సిన కారైతే నేను అక్కడే దిగిపోతా, చేత్తో తడిమితే దొరికే బటన్ ఉండాలి. ఈ గోల అందరిదీ కాబట్టే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్ లాంటివాటికి విడిగా బటన్లో లివర్లో ఉంటేనే పూర్తి మార్కులంటోంది. ముందద్దం పక్క స్తంభాలు మరీ లావుగా ఉంటే మలుపులో నడిచేవాళ్ళు వాటి వెనక దాక్కుంటారు, అదీ చూడండి. అద్దాలకి నల్ల ఫిల్మ్ అసలొద్దు.

ఎలక్ట్రిక్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు కదా. తీసుకోవచ్చు, కానీ పెడల్ తాకగానే దూసుకెళ్ళేది వద్దు, పికప్ తగ్గించే మోడ్ ఉంటే మొదట్లో దాంట్లోనే నడపమనండి, కాలు తీయగానే బండి ఆగిపోయే ఒన్ పెడల్ పద్ధతి కూడా ఆపేసి మొదలుపెట్టడం నయం, లేకపోతే బ్రేకు మీదకి కాలు వెళ్ళే అలవాటు తగ్గుతుంది. ఇంజినూ బ్యాటరీ మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ అయితే బటన్ నొక్కి ఆపడం మర్చిపోతారు, చప్పుడుండదు కాబట్టి తెలీదు, తర్వాత మూసిన గ్యారేజీలో ఇంజిన్ తనే స్టార్టయితే పొగ ఇంట్లోకి వస్తుంది, కొంతసేపటికి దానంతటదే ఆగిపోయేది చూసుకోండి.

నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, షుగర్ మందులు వాడుతుంటే డ్రైవింగ్ సంగతి డాక్టర్‌ని విడిగా అడగండి, మీ నాన్నగారు తనంతట తాను అడగరు. కొత్తది వచ్చాక పాత గేర్ల బండి ఇంట్లో ఉంచకండి. ఇవాళ ఇదీ రేపు అదీ నడిపితే కాలు దేనికీ అలవాటు పడదు. ఇంకెవరికైనా అది కావాలంటే తాళాలు మీ దగ్గర పెట్టుకోండి.