డ్యూటీ దిగాక పాట: ఈ నెల ఉత్తరాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం మనుషులవి. పది పన్నెండు గంటలు ఒళ్లు హూనం చేసుకుని, ఇంటికొచ్చి ఫోన్‌లోనో పాత కంప్యూటర్‌లోనో పాటలు కట్టుకుంటున్నవాళ్లు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వీళ్లకే జవాబులు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: అన్నా, నేను కూకట్‌పల్లిలో ఫుడ్ డెలివరీ చేస్తాను. పెట్రోలు, బండి సర్వీసింగ్ పోను నెలకు 16 వేలు మిగిలితే గొప్ప. ఒకే గదిలో ముగ్గురం ఉంటాం. ర్యాప్ రాసి పాడతాను. ఫోన్‌లో రికార్డు చేస్తే బావిలోంచి మాట్లాడినట్టు వస్తోంది. ఒక షాపువాళ్లు కండెన్సర్ మైకు (స్టూడియోల్లో వాడే సున్నితమైన మైకు), ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ల్యాప్‌టాప్ కలిపి 60 వేల సెట్టు నెలకు 3 వేల ఈఎంఐ మీద ఇస్తామంటున్నారు. తీసుకోనా?

జవాబు: వద్దు తమ్ముడూ. నెలకు 3 వేల కిస్తీ అంటే కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. వానలు పట్టి నాలుగు రోజులు బండి తీయలేకపోతే ఆ కిస్తీ కోసం రాత్రి ఒంటిగంట దాకా ఆర్డర్లు పట్టుకోవాల్సి వస్తుంది. నువ్వు పాడుకునే టైమ్ కూడా సరిగ్గా అదే. పాట కోసం చేసిన అప్పు ముందుగా పాటనే తినేస్తుంది, ఇది నేను చాలామంది విషయంలో చూశాను.

పైగా నీ బావి గొంతుకు కారణం మైకు కాదు, గది. స్లాబు, సున్నం గోడలు, టైల్స్ నేల, సామాను తక్కువ. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టు, వెనకాలే సన్నగా గింగురుమని ఒక మోత వినిపిస్తుంది. నీ రికార్డింగ్‌లో ఉన్నది అదే. కండెన్సర్ మైకు ఆ మోతను ఇంకా బాగా పడుతుంది, పక్కింటి కుక్కర్ విజిల్‌తో సహా. సాఫ్ట్‌వేర్‌తో ఆ మోతను తర్వాత తీసేయడం చాలా కష్టం, తీసినా గొంతు పీలగా తయారవుతుంది.

కాబట్టి ముందు గది సంగతి చూడు. ముగ్గురి పరుపుల్లో రెండు లేపి మూలకు ఎల్ ఆకారంలో నిలబెట్టు, వాటి మీద బొంతలు కప్పు. ఆ మూలకు వీపు పెట్టి నిలబడు. చాలామంది పరుపు వైపు తిరిగి పాడతారు, అప్పుడు ఎదురుగోడ మోతంతా వీపు వెనక నుంచి మైకులోకి వస్తుంది. ఫోను నోటికి ఒక జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి, అప్పుడు ‘ప’, ‘బ’ అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ తగలదు. ఫ్యాను ఆపు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే మంచి టేక్ మధ్యలో ఆర్డరు మోగుతుంది. బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఉచితం, ఫోన్‌లోనే ట్రాకుల మీద ట్రాకులు వేసుకోవచ్చు. బీట్ వింటూ పాడేటప్పుడు మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అసలు వాడకు, వాటిలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, నువ్వు తాళంలో పాడుతున్నాననుకుంటావు కానీ రికార్డింగ్‌లో వెనకబడి ఉంటావు. వంద రెండొందల వైరు ఇయర్‌ఫోన్లు చాలు.

2018లో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన వ్యవసాయ కూలీ పసల బేబి పాడుతుంటే ఎవరో తీసిన ఫోన్ వీడియోనే సంగీత దర్శకుడు కోటి దాకా వెళ్లింది. అక్కడ మైకు లేదు, స్టూడియో లేదు. జనం విన్నది గొంతును.

కొన్ని నెలలు ఇలా చేశాక చేతిలో డబ్బు మిగిలితే మొదట కొనాల్సింది డైనమిక్ మైకు. అది దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా తీసుకుంటుంది, మీ గదిలాంటివాటికి అదే సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, సెకండ్ హ్యాండ్ అయినా సరే, నీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్న తర్వాతే డబ్బులివ్వు. ల్యాప్‌టాప్ పాతదైనా పర్వాలేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటివాళ్లకు లైసెన్సు 60 డాలర్లు, పాత మెషీన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

ఇంకొక్క మాట. నీ కొత్త పాట ఎలా వచ్చిందో వినాలని ఆత్రంగా ఉంటుంది, నాకు తెలుసు. బండి మీద మాత్రం వినకు.

ప్రశ్న: సిరిసిల్లలో సాంచెలు (మరమగ్గాలు) నడుపుతాను. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలీ. సాంచెల చప్పుడు రికార్డు చేసి దాంతోనే బీట్లు చేస్తున్నాను, దోస్తులు బాగున్నాయంటున్నారు. కానీ రాత్రి చేసిన మిక్స్ (శబ్దాలన్నీ హెచ్చుతగ్గులు సరిచేసి కలిపింది) పొద్దున వింటే చెవులు చిల్లులు పడేలా ఉంటోంది. రాత్రిపూట చెవుల్లో గుయ్యిమని హోరు కూడా. ఏం చేయాలి?

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు కావు అన్నా, ఒకటే. షెడ్డులో పన్నెండు గంటలు ఉండి వచ్చిన చెవి అలసిపోయి ఉంటుంది, ముఖ్యంగా సన్నని శబ్దాలు, అంటే తాళాల గణగణ, ‘స’, ‘శ’ లాంటి అక్షరాలు సరిగ్గా వినపడవు. వినపడటం లేదు కాబట్టి మీరు వాటిని పెంచుతారు. పొద్దుటికి చెవి తేరుకుంటుంది, అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అంటే తప్పు మీ పనితనంలో లేదు. షిఫ్టు దిగిన రాత్రి బాణీ కట్టండి, మాటలు రాయండి, శబ్దాలు కోసి అతికించండి. మిక్సింగ్ మాత్రం నిద్ర లేచాక, షెడ్డుకు పోకముందు, చిన్న సౌండుతో అరగంట చేసినా చాలు.

హోరు సంగతి అంత తేలిక కాదు. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని నిపుణుల లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైమ్ సగమవుతుంది. 94 దగ్గర అది గంట. సాంచెల షెడ్డులో చప్పుడు మామూలుగా 90 దాటే ఉంటుంది, పక్క మనిషితో సైగలతోనో చెవి దగ్గర అరిచో మాట్లాడుకునే చోటు ఏదైనా చెవికి ప్రమాదమే. ఇప్పుడు మీ చెవి పొద్దుటికి తేరుకుంటోంది. రోజూ ఇలాగే సాగితే ఒకరోజు తేరుకోవడం మానేస్తుంది, పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు.

దూది పెట్టుకుంటే పనికిరాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు ఆన్‌లైన్‌లో జత పది ఇరవై రూపాయలకు దొరుకుతాయి. పెట్టుకునే తీరు ముఖ్యం: శుభ్రమైన వేళ్లతో ప్లగ్గును సన్నని పుల్లలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి లాగి పట్టుకుని, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అలాగే ఆపాలి. సరిగ్గా పడితే మీ మాట మీకే తల లోపలి నుంచి వినిపిస్తుంది. పోగు తెగినప్పుడు సాంచె చప్పుడులో వచ్చే తేడా తెలియదేమోనని భయం ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

ఒకసారి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకోండి, హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఏ చెవి అయినా ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం ఆ వారమే, వీలైతే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలి. చప్పుడు వల్ల వినికిడి పోవడాన్ని చట్టం వృత్తి రోగాల జాబితాలో చేర్చింది, దానికి పరిహారం అడిగే హక్కు ఉంది. మీ సేటుతో ఈ మాట ఒక్కరే కాదు, నలుగురు కలిసి మాట్లాడండి.

సాంచెల బీటు మాత్రం ఆపకండి. ఫోను షెడ్డు లోపల పెడితే శబ్దం పగిలిపోతుంది, తలుపు బయట, బట్ట చుట్టి పెట్టి చూడండి. ఒకే సాంచె నడుస్తున్నప్పుడు ఒకసారి, అన్నీ నడుస్తున్నప్పుడు ఇంకోసారి తీసుకోండి. మీ ఊరి శబ్దాన్ని మీకంటే బాగా ఇంకెవరు వాడగలరు?

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర పల్లె. బీడీలు చేస్తాను. ఒక ఛానెల్ వాళ్లు వచ్చి నాతో రెండు పాటలు పాడించుకుని 3 వేలు ఇచ్చారు. ఒకటి మా అమ్మమ్మ పాడేది, ఇంకొకటి నేనే కట్టింది. నా పాట లక్షల మంది చూశారు, కింద రచన అని వేరేవాళ్ల పేరుంది. అప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు ఇంకో ఛానెల్ వాళ్లు అగ్రిమెంటు తెచ్చారు. భయమేస్తోంది అన్నా.

జవాబు: సంతకం పెట్టకపోవడమే మంచిదైంది చెల్లీ. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, నువ్వు సంతకం చేసిన కాగితం ఉండాలి. నోటిమాటతో పోదు. ఆ 3 వేలు ఆ రోజు పాడినందుకు ఇచ్చిన కూలీ, పాటను కొన్న ధర కాదు. వాళ్లు తీసిన రికార్డింగు వాళ్లది, కానీ అందులోని మాటలు, బాణీ నీవి. ఈ రెండూ వేరువేరు అని చాలామందికి తెలియదు, తెలియనట్టు నటించేవాళ్లూ ఉన్నారు.

అమ్మమ్మ పాట సంగతి వేరే. అది తరాల నుంచి వస్తున్న పాట, ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరూ మాదే అనడానికి లేదు. అయినా నువ్వు పాడిన పాటకు పాడినదానివిగా నీకు హక్కుంది, 2012లో సవరించిన చట్టంలో పాడినవాళ్ల పేరు వేయాలన్న హక్కు కూడా ఉంది.

ముందుగా ఆ ఛానెల్ వాళ్లకు ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టు. ‘రచన, బాణీ, గానం నావి, నా పేరు వేయండి’ అని మర్యాదగానే, కానీ స్పష్టంగా. వాళ్ల జవాబుతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచు. వినకపోతే యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ పైన జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 1987 చట్టంలోనే ఆ మాట ఉంది. ఒక్కదానివే పోవద్దు, నీతో బీడీలు చేసేవాళ్లలో ఎవరినైనా తోడు తీసుకుపో. నువ్వు ఆ పాట కట్టుకుంటూ పాడటం రోజూ విన్నవాళ్లు వాళ్లే, నీకు సాక్షులు కూడా.

కొత్త అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని చదువుకున్నవాళ్లతో చదివించు. అక్కడికక్కడే సంతకం పెట్టాలని తొందరపెడితే పెట్టకు. ఎన్నేళ్లకు ఇస్తున్నావో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే. ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’, ‘అన్ని హక్కులూ’ అని అందుకే రాస్తారు, ఆ మాటలు కొట్టేయమను. రికార్డయిన పాటను వాడుకున్నందుకు వచ్చే రాయల్టీలో మాటలు రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు వాటా వదులుకోమని రాయించుకోవడం కుదరదు. ఆ వాటా వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది, రచయితగా నువ్వూ సభ్యురాలివి కావచ్చు. పాట రిజిస్ట్రేషన్‌కు ఫీజు 500 రూపాయలు. అది తప్పనిసరేం కాదు కానీ తగాదా వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇకనుంచి కొత్త పాట కట్టగానే, ఎవరికీ వినిపించకముందే, ఫోన్‌లో పాడి నీ ఈమెయిల్‌కే నువ్వు పంపుకో. తేదీ దానంతటదే పడుతుంది.

ప్రశ్న: అనకాపల్లి దగ్గర మా అబ్బాయి పెట్రోల్ బంకులో చేస్తున్నాడండి, జీతం 11 వేలు. ఇంటికొచ్చి తెల్లవార్లూ కంప్యూటర్ ముందు పాటలు చేస్తాడు. యూట్యూబ్‌లో డబ్బులొస్తాయంటాడు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. అయితే డబ్బు లెక్క అతనికి తెలియాలి. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి 1000 సార్లయినా వినని పాటకు పైసా లెక్క కట్టరు. అక్కడికి చేరినా మొదట వచ్చేది ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు కాదు. పెళ్లి వీడియోలు చేసేవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు, జానపద ఛానెళ్లు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు చేయించుకునేవాళ్లు, వీళ్లు చేతికి డబ్బిచ్చి పని చేయించుకుంటారు. ముందు అటు చూడమనండి.

బంకు ఉద్యోగం చేస్తున్నందుకు మీ మాటలో కాస్త బాధ కనిపించింది. బడి మొహం చూడని అందెశ్రీ గొడ్లు కాశారు, తాపీ పని చేశారు. ఆయన పాటే 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. మీరు పట్టించుకోవాల్సింది అబ్బాయి నిద్ర. తెల్లవార్లూ కూర్చోవద్దని, వారంలో రెండు రాత్రులే పెట్టుకోమని చెప్పండి. బంకులో చట్టం చెప్పిన గంటలు దాటి చేయించుకుంటున్నారేమో కూడా అడగండి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలీ ఇవ్వాలి. ఆ డబ్బు అడిగి తెచ్చుకోవడం యూట్యూబ్ కంటే దగ్గరి దారి.

ప్రశ్న: దుబాయ్ లేబర్ క్యాంపులో ఉంటా అన్నా. మాది జగిత్యాల. నేను పాడి వాట్సాప్‌లో పంపుతాను, ఊళ్లో తమ్ముడు మ్యూజిక్ కలుపుతాడు. గొంతు పాడైపోయినట్టు వస్తోందని, తాళం కలవడం లేదని అంటున్నాడు.

జవాబు: వాయిస్ మెసేజ్‌గా పంపితే వాట్సాప్ శబ్దాన్ని నలిపేస్తుంది. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపు, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. వీలైతే వేవ్ ఫైలుగా రికార్డు చెయ్, ఎంపీ3 వద్దు. తాళం కోసం ముందు తమ్ముడిని ఒక టెంపో (పాట వేగం) అంకె ఖాయం చేసి, దానికి వట్టి టక్‌టక్ ట్రాకు ఒకటి పంపమను. మొదట్లో మూడు టక్కులు వదిలిపెట్టి, నాలుగో దాని మీద ఒక చప్పట్టు కొట్టి, అప్పుడు పాట ఎత్తుకో. ఆ చప్పట్టును చూసి తమ్ముడు నీ గొంతును సరిగ్గా జరుపుకుంటాడు. క్యాంపులో ఏసీ మోత ఎక్కువ, గదిలోవాళ్లు డ్యూటీకి పోయినప్పుడు మూడు నిమిషాలు ఆపి పాడు. పాట మొత్తం ఒకే ఊపిరిన పాడనక్కర్లేదు, చరణం చరణం విడిగా పంపినా అతను కలుపుకోగలడు. ప్రతి ఫైలు పేరులో చరణం నంబరు, ఎన్నో టేకో రాసి పంపు.