గ్రీజు అక్కర్లేని లారీ కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మేనమామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పన్నెండు చక్రాల కొత్త లారీకి బయానా ఇచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు రాత్రుళ్ళు సరిగా నిద్ర పట్టడం లేదు. సంతోషం లేక కాదు. మన ఇంట్లో మూడో తరం స్టీరింగు పట్టుకోబోతున్నదని మీ అత్త వీధిలో అందరికీ చెప్పుకుంటున్నది, నేను విననట్టు కూర్చుని అంతా వింటున్నాను. నిద్ర చెడగొట్టింది మీ అమ్మ చెప్పిన రెండో మాట: "ఈ బండికి గ్రీజు కొట్టే పనే లేదట అన్నయ్యా, అన్నీ సీలు వేసే వస్తాయట, పదిహేనేళ్ళు చూసుకోనక్కర్లేదట."

ఫైనాన్సు కాగితాలు చదివి సంతకం పెట్టు. ఇన్సూరెన్సు ఒక్క రోజు కూడా తప్పనివ్వకు. ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలని నీకు తెలుసు. వీటి గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ సీలు గురించే.

గ్రీజు లోపలే నింపి సీలు వేసిన సామాను మోసమని నేను అనను. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు బతికినవాణ్ణి, గ్రీజు కొట్టక చచ్చిన బళ్ళనూ, ఒక రకం గ్రీజు మీద దానితో కలవని మరో రకం కొట్టి పాడుచేసిన బళ్ళనూ లెక్కలేనన్ని చూశాను. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు అతుకుల దగ్గర ఉండే క్రాసులో గ్రీజు దారి కోసం రంధ్రం వేయకపోతే ఆ ఇనుము మరింత గట్టిగా ఉంటుందన్నది కూడా నిజమే. నిర్లక్ష్యంగా ఉండే మనిషికి గ్రీజు ఎక్కించే మూతి, అంటే నిపుల్, ఉన్న క్రాసు కన్నా సీలు వేసిన క్రాసే ఎక్కువ కాలం వస్తుంది. కానీ నిపుల్ ఉన్నచోట కొత్త గ్రీజు లోపలికి పోతూ పాత గ్రీజునూ, దానితోపాటు దూరిన నీటినీ దుమ్మునూ బయటికి తోసేస్తుంది. సీలు వేసినదానిలో ఒకసారి నీటిచుక్క దూరిందంటే దానికి బయటికి వచ్చే దారి లేదు. జీవితకాలం గ్యారంటీ అన్నవాణ్ణి, ఎవరి జీవితకాలమని అడిగావా? బండి తయారుచేసినవాడు లెక్క వేసుకున్న కాలం వేరు, కిస్తీలు తీరాక అసలు సంపాదన మొదలయ్యే నీ కాలం వేరు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు పూర్తిగా తెలియదు.

1996లో నా రెండో లారీకి, అది పాత బండి, షాఫ్టు క్రాసులు మార్చవలసి వచ్చింది. ఒక దుకాణంలో సీలు వేసిన క్రాసులు చూపించి, వీటికి ఇక గ్రీజు గన్ను అవసరం లేదన్నారు. అప్పట్లో బేతంచెర్ల నుంచి ఒంగోలుకు నాపరాళ్ళు తోలేవాణ్ణి. వారానికి రెండు ట్రిప్పులు, నిద్ర తక్కువ, పని ఎక్కువ, కాబట్టి ఆ మాట నాకు అమృతంలా వినిపించింది. అంతకు ముందు ప్రతి పది రోజులకు గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరేవాణ్ణి. క్రాసు నాలుగు కొనలకూ ఉండే బేరింగు కప్పుల నుంచీ గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టేవాణ్ణి, కొడుతూ సెంటర్ బేరింగు, కమాను కట్టలు, బ్రేకు గాలి పైపులు, బోల్టులు అన్నిటినీ చూసేవాణ్ణి. సీలు క్రాసులు వేయించాక ఆ గోనెసంచి మడిచి పక్కన పెట్టాను. ఏడాదిన్నర పాటు నేను ఆ లారీ కిందికి చూడనే లేదు. క్రాసులు సీలు వేసినవే, నిజమే. మరి మిగతా బండి?

ఒకరోజు నంద్యాలలో టీ తాగుతుండగా, నా దగ్గర క్లీనరుగా ఉన్న పదిహేడేళ్ళ కుర్రవాడు వచ్చి, "అన్నా, వెనక క్రాసు కప్పు చుట్టూ ఎర్రపొడి ఉంది, చూస్తావా" అన్నాడు. బండి కొంతకాలంగా నలభై కిలోమీటర్ల వేగం దాటితే వణుకుతున్నది కూడా. ఆ ఎర్రపొడి ఎండిపోయిన సూది బేరింగులు అరిగి, తుప్పుపట్టి, ఆ సీలు లోంచి బయటికి వస్తున్న ఇనుమని ఈ రోజు చిన్నపిల్లవాడికైనా నేర్పగలను. ఆ రోజు మాత్రం, "అది సీలు వేసిందిరా, నీకేం తెలుసు, ఎక్కు" అని కసిరాను. మరో గంటకు నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరు వైపు దిగుతుండగా, కింద పెద్ద దెబ్బ వినిపించింది, ఆ వెంటనే బండి ముందుకు ఉరికింది. షాఫ్టు ఊడిపోతే గేరు పట్టు కూడా పోతుంది అల్లుడూ, ఇంజను ఒక దారి, చక్రాలు ఒక దారి. వేలాడుతున్న షాఫ్టు చివర కొట్టుకుని కొట్టుకుని గాలి పైపును కోసింది. మిగిలిన కాస్త గాలితో రెండుసార్లు బ్రేకు పడింది, మూడోసారి పెడలు ఊరికే కిందికి పోయింది. కొండ వైపు కాలువలోకి తిప్పి గట్టుకు రాయించాను కనుక ఆగింది. ఆగిన ఊపుకు నాపరాళ్ళు ముందుకు జారి క్యాబిన్ వెనక పలకను నొక్కేశాయి. నాకేమీ కాలేదు. కుర్రవాడి భుజం ఎముక విరిగింది.

ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. వాళ్ళ అమ్మ నన్ను తిట్టలేదు. "మా వాడు ముందే చెప్పాడట కదయ్యా" అని మాత్రం అడిగింది. ఇప్పటికీ ఎవరైనా టీ గ్లాసు చేతికి ఇస్తుంటే ఒక్కోసారి ఆ మాట వినిపిస్తుంది.

అందుకే నీకు చెప్పేది గ్రీజు గురించి కాదు, గోనెసంచి గురించి. నిపుల్ లేకపోయినా పది రోజులకోసారి బండి కిందికి దూరు. షాఫ్టును చేత్తో పట్టి తిప్పి చూడు, ఎర్రపొడి కోసం వెతుకు, షాఫ్టు కింద పడకుండా ఆపే ఇనుప కడియం లేకపోతే మొదటి లోడుకు ముందే కట్టించు. ఈ ఒక్కటి నా మాటగా చెయ్యి. డ్రైవరు గానీ క్లీనరు గానీ ఏదైనా చూపిస్తే, అది తప్పయినా సరే, దిగి చూడు.

మిగతావి క్లుప్తంగా రాస్తాను. ఆగిన ప్రతిచోటా చేతి వెనక భాగంతో చక్రాల మధ్య ఉండే హబ్బులు తాకి, ఎడమా కుడీ వేడి పోల్చుకో. వెనక ఇరుసు హౌసింగు మీద ఉండే గాలి రంధ్రం, అంటే బ్రీదరు, బురదతో మూసుకుపోతే లోపలి వేడిగాలి ఆయిల్ సీలును తోసి ఆయిల్‌ను బ్రేకు లైనరు మీదికి తెస్తుంది, కనుక దాన్ని శుభ్రంగా ఉంచు. వేడిమీద ఉన్న హౌసింగు చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీలు గుండానే నీళ్ళు పీలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తరవాత, సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన బళ్ళలో ఆయిల్ దించితే మజ్జిగలా దిగింది. నీళ్ళు చక్రాల సగం ఎత్తుకు వస్తే, సీలు ఉందని ధైర్యపడకుండా, మర్నాడే ఆయిల్ దించి చూడాలి. కడిగేటప్పుడు ఒత్తిడి నీళ్ళు సీళ్ళ మీదికి కొట్టనివ్వకు. భీమవరం రొయ్యల లోడు ఎత్తితే ఉప్పునీరు ఛాసిస్ మీద ఒక్క రాత్రి కూడా ఉండనివ్వకు. సీలు బ్యాటరీ మీద ఉండే పచ్చ కన్ను ఆరు గదుల్లో ఒక్క గది సంగతే చెబుతుంది, దాన్ని నమ్మి ఛార్జింగు ఓల్టేజీ చూడటం మానకు.

బండి తీసుకునే ముందు షోరూములో ఒక ప్రశ్న అడుగు: ఈ సీలు వేసిన హబ్బు పోతే బేరింగు ఒక్కటే దొరుకుతుందా, మొత్తం హబ్బు కొనాలా? క్రాసు విడిగా వస్తుందా, షాఫ్టుతోనే మార్చాలా? ధర కాగితం మీద రాయించుకుని, ఆ లెక్కన నెలనెలా కొంత పక్కన పెట్టు. నిపుల్ ఉన్న భాగం కొంచెం కొంచెంగా డబ్బు అడుగుతుంది, సీలు వేసింది ఒకేసారి అడుగుతుంది.

డెలివరీ అయిన రోజు పూజ అయ్యాక, లోడుకు పోకముందు, బండిని మన ఇంటికి తీసుకురా. మోకాళ్ళ వల్ల నేను కిందికి దూరలేను. పాత గోనెసంచి మీ అత్త ఉతికి పెట్టింది. నువ్వు పడుకుని ఒక్కొక్కటీ పట్టుకుని పేరు చెప్పు, నేను బయట కుర్చీ వేసుకుని వింటాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య