తంబురా శ్రుతి ప్లగిన్ రాయాలంటే విండోస్‌లో ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

మీ దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, సీ ప్లస్ ప్లస్ కొద్దిగా వచ్చు, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తంబురా శ్రుతి పలికే వీఎస్టీ ప్లగిన్ (అలాంటి సాఫ్ట్‌వేర్‌లో చేరి పనిచేసే చిన్న ప్రోగ్రాము) కావాలి. ఇదీ మీ ప్రశ్న. వీణ రికార్డింగుల కోసం చిన్న చిన్న ప్లగిన్లు రాసుకునే అలవాటు నాకుంది కాబట్టి నేను వాడే ఏర్పాటునే చెబుతాను. తంబురా నాదం ఎలా పుట్టించాలన్నది కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఏమీ చేయని ఖాళీ ప్లగిన్ ఒకటి బిల్డ్ అయి, హోస్టులో (ప్లగిన్‌ను నడిపే రీపర్ లాంటి ప్రోగ్రాములో) తెరుచుకుని, మీరు పెట్టిన బ్రేక్‌పాయింట్ (పరిశీలన కోసం కోడును ఆపే చోటు) దగ్గర ఆగాలి. అంతవరకు వస్తే కష్టమైన భాగం అయిపోయినట్టే.

కంపైలర్ కోసం విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ తీసుకోండి, వ్యక్తిగత వాడకానికి ఉచితం. విజువల్ స్టూడియో కోడ్ వేరే సరుకు, అందులో కంపైలర్ ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్ విభాగానికి టిక్ పెడితే బిల్డ్‌ను ఏర్పాటు చేసే సీమేక్ కూడా దానితోనే వస్తుంది. కోడు మార్పులను భద్రపరిచే గిట్ విడిగా వేసుకోండి. ప్రాజెక్టును సీ డ్రైవులో పొట్టి పేరున్న ఫోల్డరులో పెట్టండి. డాక్యుమెంట్స్ ఫోల్డరు చాలా ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌కు ముడిపడి ఉంటుంది కాబట్టి అక్కడ వద్దు. పైగా బిల్డ్ ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి లోతుగా పుట్టుకొస్తాయి, విండోస్ పాత్ పరిమితి 260 అక్షరాలు దాటగానే అర్థంపర్థం లేని ఎర్రర్లు మొదలవుతాయి.

ఫ్రేమ్‌వర్క్‌గా జ్యూస్ (ఆడియో ప్రోగ్రాములు రాయడానికి సీ ప్లస్ ప్లస్ కోడు సంగ్రహం) వాడండి. వీఎస్టీని రూపొందించిన స్టైన్‌బర్గ్ వారి వీఎస్టీ3 ఎస్‌డీకేతో (ప్లగిన్లు రాయడానికి ఇచ్చే కోడు కట్టతో) నేరుగా రాయవచ్చు, కానీ కొత్తవారికి ఆ శ్రమ దేనికని నా అభిప్రాయం. వీఎస్టీ2 ఎస్‌డీకే పంపిణీని స్టైన్‌బర్గ్ 2018లోనే ఆపేసింది కాబట్టి దాని ఆధారంగా ఉన్న పాత పాఠాలు కనబడితే వదిలేయండి. జ్యూస్‌ను ప్రాజెక్టులో సబ్‌మాడ్యూల్‌గా (మీ గిట్ ప్రాజెక్టు లోపల మరో గిట్ ప్రాజెక్టుగా) చేర్చి, ఏదో ఒక విడుదల ట్యాగ్ (వెర్షన్ గుర్తు) దగ్గర స్థిరంగా ఉంచండి. దాని ఎగ్జాంపుల్స్‌లో సీమేక్ ఫోల్డరు కింద ఆడియో ప్లగిన్ నమూనా ఉంది. దాన్ని కాపీ చేసుకుని పేరు, తయారీదారు కోడు, ప్లగిన్ కోడు మార్చండి. నాలుగేసి అక్షరాల ఈ కోడులను ఇప్పుడే స్థిరపరచుకోవాలి. తర్వాత మారిస్తే హోస్టు దాన్ని కొత్త ప్లగిన్ అనుకుంటుంది, పాత ప్రాజెక్టుల్లో మీ తంబురా కనిపించదు.

ఇక హోస్టు సంగతి. ఎక్కువమంది సమయం పోయేది ఇక్కడే. ప్రతి చిన్న మార్పుకూ రీపర్ తెరిచి, ట్రాక్ పెట్టి, ప్లగిన్ వెతుక్కోవడం విసుగు. జ్యూస్‌తో పాటే ఆడియో ప్లగిన్ హోస్ట్ అనే చిన్న ప్రోగ్రాము సోర్సు వస్తుంది. సీమేక్‌లో ఎక్స్‌ట్రాస్ ఆప్షన్ ఆన్ చేసి దాన్ని ఒకసారి బిల్డ్ చేసుకోండి. విజువల్ స్టూడియోలో మీ వీఎస్టీ3 ప్రాజెక్టు ప్రాపర్టీస్ తెరిచి, డీబగ్గింగ్ కమాండ్ దగ్గర ఆ హోస్టు పాత్ ఇవ్వండి. ఇకపై ఎఫ్5 నొక్కగానే హోస్టు తెరుచుకుంటుంది, మీ కోడులో బ్రేక్‌పాయింట్లు పనిచేస్తాయి.

బిల్డ్ అయిన ప్లగిన్‌ను కామన్ ఫైల్స్‌లోని వీఎస్టీ3 ఫోల్డరుకు కాపీ చేసే సౌకర్యం జ్యూస్‌లో ఉంది. కానీ అది ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఉంటుంది కాబట్టి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. నేను ఆ కాపీని ఆపేసి, బిల్డ్ ఫోల్డరునే హోస్టు స్కాన్ జాబితాలో చేర్చుకుంటాను. రీపర్‌లోనూ ఇలాగే చేయవచ్చు. ఒక్క జాగ్రత్త: హోస్టు తెరిచి ఉండగా బిల్డ్ చేస్తే ఆ ఫైలును విండోస్ వదలదు, లింకర్ (బిల్డ్ చివర ఫైలును తయారుచేసే సాధనం) ఎల్ఎన్‌కే1104 అనే ఎర్రర్‌తో మొరాయిస్తుంది. హోస్టు మూసి మళ్లీ బిల్డ్ చేయండి.

డీబగ్ బిల్డులో (తప్పులు వెతకడానికి వాడే, నెమ్మదిగా నడిచే రూపంలో) శబ్దం చిటపటలాడితే కంగారు పడకండి. 48000 శాంపిల్ రేటులో 512 శాంపిళ్ల బ్లాకుకు మీకు దొరికే సమయం సుమారు 10.7 మిల్లీసెకన్లు. డీబగ్ కోడు ఆ లోపల పని ముగించలేకపోవచ్చు. రిలీజ్ బిల్డులో విన్నాకే ఒక నిర్ణయానికి రండి. అక్కడా చిటపటలుంటే ప్రాసెస్‌బ్లాక్ (ప్రతి బ్లాకుకూ శబ్దం తయారుచేసే ఫంక్షన్) లోపల మెమరీ కేటాయింపు గానీ, లాక్ గానీ, ఫైలు చదవడం గానీ ఉందేమో చూడండి. ఇవేవీ అక్కడ ఉండకూడదు, శబ్దం మొదలయ్యే ముందు హోస్టు పిలిచే ప్రిపేర్‌టుప్లే ఫంక్షన్‌లో ముందే సిద్ధం చేసుకోవాలి.

తంబురాకు ప్రత్యేకంగా రెండు మాటలు. సీమేక్‌లో ప్లగిన్‌ను సింథ్‌గా (తానే శబ్దం పుట్టించే వాద్యంగా) ప్రకటించండి, లేకపోతే హోస్టు దాన్ని ఎఫెక్టుగా లెక్కించి ఆడియో ఇన్‌పుట్ ఇస్తుంది. శాంపిల్ రేటును కోడులో 44100 అని రాసేయకుండా ప్రిపేర్‌టుప్లే ఇచ్చే విలువే వాడండి. రీపర్ ప్రాజెక్టు 48000లో ఉంటే స్వరం దాదాపు 147 సెంట్లు (ఒక అర్ధస్వరానికి 100 సెంట్లు) పైకి జరుగుతుంది, ఒకటో శ్రుతి పెట్టినా ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో పలుకుతుంది. తంబురా కదా, పాడేవారు వెంటనే పట్టేస్తారు.

ఇతరులకు ఇచ్చే ముందు ప్లగిన్‌వాల్ అనే ఉచిత పరీక్షా సాధనంతో తనిఖీ చేయండి. కఠినత 1 నుంచి 10 వరకు ఉంటుంది, కనీసం 5వ స్థాయిలో నెగ్గాలి. జ్యూస్ 8ను ఏజీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్సు) కింద గానీ, దాని వాణిజ్య లైసెన్సు కింద గానీ వాడుకోవచ్చు. అమ్మే ఆలోచన ఉంటే ఆ షరతులు ముందే చదవండి. మ్యాక్ వాడే మిత్రులు లాజిక్ (యాపిల్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) కోసం అడిగితే ఏయూ రూపం (యాపిల్ వారి ప్లగిన్ ఫార్మాట్) కావాలి, దాన్ని మ్యాక్‌లోనే బిల్డ్ చేయాలి. మీ సీమేక్ ఫైలులో ఫార్మాట్ల జాబితాకు ఏయూ చేర్చి వారికే ఇవ్వండి, ఎక్స్‌కోడ్ (యాపిల్ కంపైలర్ ఉన్న సాధనం), సీమేక్ ఉంటే చాలు.