బీడ్స్ తేలకుండా ఎలక్ట్రోడ్ అంచులకే అంటుకుంటుంటే

ప్రశ్న: 1 మైక్రాన్, 10 మైక్రాన్ల పాలిస్టైరీన్ బీడ్స్ (చిన్న ప్లాస్టిక్ గోళాలు) కలిపి డీఅయొనైజ్డ్ (అయాన్లు తీసేసిన) నీళ్ళలో వేసి, వాటిని వేరుచేద్దామని చిప్ మీది ఎలక్ట్రోడ్లకి 20 కిలోహెర్ట్జ్ ఏసీ ఇస్తున్నాను. పెద్దవి పైకి తేలాలి కదా, అన్నీ అంచులకే ఎందుకు చేరుతున్నాయి?

జవాబు: చిక్కంతా నీళ్ళ వాహకతలో, అంటే కరెంటుని పోనిచ్చే గుణంలో ఉందండి. డైఎలక్ట్రోఫోరెసిస్‌లో (అసమానమైన విద్యుత్ క్షేత్రం కణాలని లాగడం లేదా నెట్టడం), తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర, బీడ్ వాహకత ద్రవం కన్నా ఎక్కువైతే అది బలమైన క్షేత్రం వైపు, అంటే అంచుకి పోతుంది. తక్కువైతే పైకి లేస్తుంది. పాలిస్టైరీన్ ఇన్సులేటరే అయినా ఉపరితలం మీద అయాన్లు కదులుతాయి. బీడ్ చిన్నదయ్యేకొద్దీ వాటి ప్రభావం పెరుగుతుంది: 10 మైక్రాన్ల బీడ్‌కి సెంటీమీటరుకు సుమారు 4 మైక్రోసీమెన్స్, 1 మైక్రాన్‌ బీడ్‌కి 40. మీ నీళ్ళు 1 దగ్గర ఉంటాయి. అందుకే రెండూ అంటుకుంటున్నాయి.

ద్రవాన్ని 10కి తెండి. 10 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం లీటరుకు 7 మిల్లీలీటర్లు కలిపితే సరిపోతుంది. ముందు బీడ్స్‌ని సెంట్రిఫ్యూజ్ చేసి ఇదే ద్రవంతో మూడుసార్లు కడగండి, సీసాలోని ఉప్పులూ సర్ఫాక్టెంటూ (సబ్బులాంటి పదార్థం) లెక్క తప్పిస్తాయి. బీడ్స్ కలిపాక మీటరుతో మళ్ళీ చూడండి.

ఇప్పుడు 200 కిలోహెర్ట్జ్, 10 వోల్టుల పీక్ టు పీక్ ఇవ్వండి. ఎలక్ట్రోడ్ల వెడల్పు, వాటి మధ్య సందు 20 మైక్రాన్ల చొప్పున ఉంటే పెద్దవి 40 మైక్రాన్ల దాకా లేస్తాయి, కాబట్టి ఛానెల్ ఎత్తు 100 మైక్రాన్లు ఉంచండి. మైక్రోస్కోపును అంచు మీద ఫోకస్ చేస్తే చిన్నవి అక్కడ గొలుసుల్లా పేరుకోవడం, పెద్దవి మసకబారడం కనిపిస్తుంది. పెద్దవి ప్రవాహంలో వెళ్ళిపోయాక 2 మెగాహెర్ట్జ్‌కి మార్చండి. చిన్నవి సుమారు 700 కిలోహెర్ట్జ్ దాటితే అంచుని వదిలేస్తాయి.

ఒకటి గట్టిగా చెప్పాలి: తేలే ఎత్తు నేరుగా సైజు మీద ఆధారపడదు. నెట్టే బలమూ, బరువూ రెండూ ఘనపరిమాణంతోనే పెరుగుతాయి. ఒక బీడ్‌కీ మరోదానికీ ఎత్తులో తేడా తెచ్చేవి వాహకత, పెర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు), సాంద్రత. వోల్టేజీ పెంచి సైజు ప్రకారం అంతస్తులు చేద్దామంటే కుదరదు.

చిన్నవాటిని అంచు లాగగలిగేది 20 మైక్రాన్ల లోపే. పైన పోయేవి తప్పించుకుంటాయి, బయటికొచ్చిన ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ పంపాల్సిందే.

20 కిలోహెర్ట్జ్ దగ్గర బీడ్స్ సుడి తిరిగితే అది ఏసీ ఎలక్ట్రోఆస్మాసిస్ (క్షేత్రం వల్ల ఎలక్ట్రోడ్ల మీద ద్రవమే కదలడం), ఫ్రీక్వెన్సీ పెంచండి. బుడగలొస్తే జనరేటర్‌లో డీసీ ఆఫ్‌సెట్ (ఏసీతో కలిసొచ్చే స్థిరమైన వోల్టేజీ) ఉన్నట్టు, సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 2 మెగాహెర్ట్జ్ దగ్గర చిప్ కెపాసిటెన్స్ వల్ల వోల్టేజీ పడిపోతుంది, జనరేటర్ తెరని నమ్మకుండా చిప్ పిన్నుల దగ్గరే ఆసిలోస్కోప్‌తో కొలవండి.